గుప్తాంగ చర్మ క్యాన్సర్లు – నిర్ధారణ, చికిత్సల చరిత్ర: జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతాల నేపథ్యం

వ్యాస సంగ్రహం

జననాంగాల మీద, మలద్వారం చుట్టూ ఉన్న చర్మంలో పుట్టే క్యాన్సర్లు అరుదైనవి. అవి అరుదైనవి కావడం వల్ల కంటే, సాధారణమైన చర్మవ్యాధుల రూపంలో కనిపించడం వల్లనే ఎక్కువ నష్టం కలుగుతున్నది. ఈ వ్యాధులను ఒకదాని నుంచి మరొకదాన్ని వేరుచేసి గుర్తించిన క్రమాన్ని, వాటి చికిత్సలో వచ్చిన మార్పులను, హైదరాబాదు రాష్ట్రం నుంచి నేటి తెలంగాణ వరకు ఏర్పడిన వైద్యసంస్థలను, జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతాల వృత్తి, భాషా నేపథ్యాన్ని ఈ వ్యాసం పరిశీలిస్తుంది. రోగనిర్ధారణ చరిత్ర ప్రధానంగా పేర్ల చరిత్ర అనీ, తెలుగులో ఈ అవయవాలకూ వ్యాధులకూ మర్యాదగా చెప్పుకోదగిన మాటలు కొరవడటం చికిత్స ఆలస్యానికి ఒక కారణమనీ ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలక పదాలు: గుప్తాంగ చర్మ క్యాన్సర్, పుట్టకురుపు, శూకదోషాలు, పేజెట్ వ్యాధి, బోవెన్ వ్యాధి, వృత్తివ్యాధులు, వైద్య పరిభాష, ఉత్తర తెలంగాణ.

1. ఉపోద్ఘాతం

ఏడాదికి లక్షమంది జనాభాలో ఆరుగురి కంటే తక్కువ మందిలో కొత్తగా కనిపించే క్యాన్సర్‌ను అరుదైన క్యాన్సర్‌గా పరిగణించడం యూరప్ పరిశోధకులు స్థిరపరచిన పద్ధతి. గుప్తాంగాల చర్మంలో వచ్చే పేజెట్ వ్యాధి, బోవెన్ వ్యాధి, నల్లమచ్చ రూపంలో వచ్చే మెలనోమా, పులిపిరిలా పెరిగే వెర్రుకస్ క్యాన్సర్, వృషణకోశం మీద వచ్చే పొలుసుకణ క్యాన్సర్ వంటివి ఈ కోవకు చెందుతాయి. ఒక చిన్న పట్టణంలో పనిచేసే వైద్యుడు తన వృత్తిజీవితం మొత్తంలో వీటిలో కొన్నింటిని ఒక్కసారి కూడా చూడకపోవచ్చు. అదే వైద్యుడి దగ్గరకు తామరతో, గజ్జితో, మొలలతో రోజూ రోగులు వస్తూనే ఉంటారు. అరుదైన జబ్బు తన సొంత పేరుతో గడప తొక్కదు. తెలిసిన జబ్బు పేరుతోనే వస్తుంది. కాబట్టి ఈ వ్యాధుల చరిత్రను పరిశీలించడమంటే, ఏ పేరు చాటున ఏ వ్యాధి దాగి ఉన్నదో మనుషులు తెలుసుకున్న క్రమాన్ని పరిశీలించడమే అవుతుంది.

2016 అక్టోబరు 11న పూర్వపు కరీంనగర్ జిల్లా నుంచి జగిత్యాల, రాజన్న సిరిసిల్ల జిల్లాలు ఏర్పడ్డాయి. కోరుట్ల జగిత్యాల జిల్లాలోని ప్రధాన పట్టణాల్లో ఒకటి. మరమగ్గాలకు సిరిసిల్ల, బీడీల తయారీకి, గల్ఫ్ వలసలకు జగిత్యాల, కోరుట్ల ప్రాంతాలు పేరుపడ్డాయి. చర్మానికీ వృత్తికీ, చర్మానికీ కట్టుబట్టకూ ఉన్న సంబంధాన్ని గుర్తించడంతోనే గుప్తాంగ క్యాన్సర్ల ఆధునిక చరిత్ర మొదలైంది. అందువల్ల శ్రమజీవులు ఎక్కువగా ఉన్న ఈ మూడు పట్టణాల నేపథ్యంలో ఆ చరిత్రను చూడటం సముచితం.

2. వ్యవహారంలోని పదజాలం

తెలుగులో క్యాన్సర్‌కు ‘రాచపుండు’, ‘పుట్టకురుపు’, ‘పుట్టవ్రణం’ అనే మాటలున్నాయి. రాచపుండు, రాచకురుపు అనే పదాలు పెద్ద సెగగడ్డలకూ, మానని పుండ్లకూ కలిపి వాడుకలో ఉన్నాయి. పుట్టకురుపు అనే మాటలో చెదలపుట్టతో పోలిక ఉన్నది. పైకి కనిపించే దిబ్బ కొంతే, లోపల దారులు ఎన్నో. చర్మ క్యాన్సర్ స్వభావానికి ఈ పోలిక చక్కగా సరిపోతుంది. సంస్కృతంలోని ‘అర్బుదం’ గడ్డ అనే అర్థంలో గ్రంథస్థమైంది. హైదరాబాదు రాష్ట్రంలో అధికారభాషగా ఉన్న ఉర్దూలో ఈ వ్యాధిని ‘సర్తాన్’ అంటారు. అరబ్బీ నుంచి వచ్చిన ఈ మాటకు ఎండ్రకాయ అని అర్థం. గ్రీకు ‘కార్కినోస్’, లాటిన్ ‘క్యాన్సర్’ అనే మాటలకూ అదే అర్థం. కర్కాటక రాశి పేరులోని కర్కటం కూడా ఎండ్రకాయే.

గుప్తాంగాల విషయానికి వస్తే పదజాలం మరోరకంగా ఉన్నది. సిఫిలిస్‌కు ‘సవాయి’, గనేరియాకు ‘సెగ’, అర్శస్సుకు ‘మొలలు’, భగందరానికి ‘లూటి’ అనే మాటలు ప్రజల నోట ఉన్నాయి. మానని పుండును ‘నాసూరు’ అంటారు. ఇది ఉర్దూ నుంచి వచ్చినది. గజ్జలో శోషగ్రంథులు ఉబ్బితే ‘బిళ్ల కట్టింది’ అంటారు. కాలిమీద దెబ్బ తగిలినా, కురుపు లేచినా గజ్జలో బిళ్ల కడుతుందని పల్లెలో చిన్నపిల్లలకు కూడా తెలుసు. కింది పుండుకూ పై బిళ్లకూ సంబంధం ఉన్నదని గ్రహించిన ఈ ప్రజాజ్ఞానం విలువైనది. గుప్తాంగ చర్మ క్యాన్సర్ మొదట పాకేది సాధారణంగా ఈ గజ్జల బిళ్లలకే. రోగి ఎంతకాలం బతుకుతాడన్నది చాలావరకు ఆ బిళ్లల స్థితి మీదనే ఆధారపడి ఉంటుంది.

అయితే ఈ మాటలన్నీ అంటువ్యాధికో, ఉష్ణానికో, మొలలకో సంబంధించినవి. క్యాన్సర్‌ను విడదీసి చెప్పే మాట వీటిలో లేదు. స్త్రీల విషయంలో కొరత మరింత ఎక్కువ. బాహ్య జననాంగానికి ఇంట్లో అమ్మతోనో, దవాఖానలో నర్సుతోనో చెప్పుకోదగిన తెలుగు మాట వాడుకలో లేదు. ‘యోని’ అనే పదం లోపలి మార్గానికీ, బయటి భాగానికీ కలిపి వాడుతున్నారు. ‘గర్భాశయ ముఖద్వార క్యాన్సర్’ గురించి ప్రచారం జరిగినప్పుడు బయటి చర్మంలో వచ్చే వ్యాధి కూడా అందులోనే కలిసిపోయింది. ‘ఆడవాళ్ల జబ్బు’, ‘తెల్లబట్ట’, ‘దురద’ అనే మూడు మాటలతోనే స్త్రీ తన బాధ చెప్పుకోవలసి వస్తున్నది.

3. ప్రాచీన వైద్యంలో ప్రస్తావనలు

సుశ్రుత సంహిత నిదానస్థానంలో అర్శస్సు, భగందరం, అర్బుదం, శూకదోషాలు వేర్వేరు అధ్యాయాల్లో ఉన్నాయి. భగం, గుదం, వస్తి ప్రదేశాలను చీల్చేది కాబట్టి భగందరమని సుశ్రుతుడు వ్యుత్పత్తి చెప్పాడు. పురుషాంగాన్ని పెంచుకోవాలనే కోరికతో కొన్ని ఘాటైన లేపనాలు వాడటం వల్ల కలిగే వ్యాధులను శూకదోషాలని పేర్కొని, వాటిని పద్దెనిమిదిగా లెక్కించాడు. వాటిలో మాంసార్బుదం, మాంసపాకం, విద్రధి, తిలకాలకం అనే నాలుగింటిని అసాధ్యాలుగా నిర్ణయించాడు. తిలకాలకంలో మాంసం నల్లబడి రాలిపోతుందని వర్ణన.

వీటిని నేటి క్యాన్సర్లతో సరిగ్గా సమానమని చెప్పడం తొందరపాటు అవుతుంది. సూక్ష్మదర్శిని లేని కాలంలో కుళ్లుపుండు, సిఫిలిస్ వంటి అంటువ్యాధి, క్యాన్సర్ ఒకే వర్ణనలో కలిసిపోయే అవకాశం ఉన్నది. అయినా రెండు విషయాలు గమనించదగినవి. ఒకటి, ఆ ప్రాంతంలో వచ్చే గడ్డలను, పుండ్లను సిగ్గుపడకుండా పేరుపేరునా వర్గీకరించిన సంప్రదాయం ఇక్కడ ఉండేది. రెండు, ఒక వ్యాధి చికిత్సకు లొంగుతుందా లేదా అన్నది వైద్యుడు ముందుగా నిర్ణయించుకోవాలన్న నియమం ఉండేది. నేడు క్యాన్సర్ దశను నిర్ణయించడం వెనుక ఉన్న ఆలోచన కూడా ఇదే.

4. మసి, నూనె, కట్టుబట్ట

1775లో లండన్‌లోని సెయింట్ బార్తలోమ్యూ ఆసుపత్రి శస్త్రవైద్యుడు పెర్సివల్ పాట్, పొగగొట్టాలు శుభ్రం చేసే పనివాళ్ల వృషణకోశం మీద వచ్చే పుండును క్యాన్సర్‌గా గుర్తించాడు. పసితనంలోనే ఇరుకైన గొట్టాల్లోకి దూరి పనిచేసిన పిల్లలకు, పెద్దయ్యాక చర్మపు మడతల్లో పేరుకున్న మసి వల్ల ఈ జబ్బు వచ్చేది. పనివాళ్లు దానిని ‘మసి పులిపిరి’ అనేవారు. వైద్యులు మాత్రం సుఖవ్యాధిగా భావించి పాదరసం ఇచ్చేవారు. ఆ మందు వల్ల జబ్బు తగ్గకపోగా విలువైన కాలం గడిచిపోయేదని పాట్ విమర్శ. ఒక వృత్తికీ ఒక క్యాన్సర్‌కూ సంబంధం చూపిన తొలి రచనగా వైద్యచరిత్ర దీన్ని గుర్తించింది. 1788లో బ్రిటిష్ పార్లమెంటు ఎనిమిదేళ్లలోపు పిల్లలను ఈ పనిలో పెట్టరాదని చట్టం చేసింది. 1892లో హెన్రీ బట్లిన్, ఇతర యూరప్ దేశాల పనివాళ్లకు ఈ జబ్బు ఎందుకు తక్కువో పరిశీలించి, ఒంటిని కప్పే దుస్తులూ స్నానమూ కారణమని తేల్చాడు. 1915లో జపాన్‌కు చెందిన యమగివ, ఇచికవ కుందేళ్ల చెవులకు నెలల తరబడి తారు పూసి క్యాన్సర్ పుట్టించడంతో పాట్ పరిశీలనకు ప్రయోగశాల సాక్ష్యం దొరికింది.

నేతపట్టణమైన సిరిసిల్ల పాఠకులకు ఈ చరిత్రలోని మరో ఘట్టం ముఖ్యమైనది. ఇంగ్లాండులోని ల్యాంకషైర్ మిల్లుల్లో ‘మ్యూల్’ అనే యంత్రాల మీద నూలు వడికేవారు. కార్మికుడు యంత్రపు కడ్డీ మీదికి వంగి పనిచేస్తుంటే, వేగంగా తిరిగే కదుర్ల నుంచి చిమ్మిన ఖనిజనూనె అతని పంట్లాము ముందుభాగాన్ని తడిపేది. ఏళ్ల తరబడి అలా పనిచేసినవారికి వృషణకోశ క్యాన్సర్ వచ్చేది. 1887లో మాంచెస్టర్‌లో తొలి రోగి నమోదైనప్పటికీ, వృత్తితో ఉన్న సంబంధం 1922లో సౌథమ్, విల్సన్ అనే వైద్యులు ప్రచురించిన పరిశీలనతో గాని స్పష్టం కాలేదు. 1926లో ప్రభుత్వ సంఘం నివేదిక ఇచ్చింది. హానికరమైన నూనెల వాడకాన్ని నియంత్రిస్తూ, కార్మికులకు వైద్యపరీక్షలు చేయించాలని నిబంధనలు 1953లో వచ్చాయి. గుర్తింపుకూ నివారణకూ మధ్య మూడు దశాబ్దాలు గడిచాయి. ల్యాంకషైర్ నూలు, బట్ట భారతదేశపు చేనేతను దెబ్బతీశాయని చరిత్ర పుస్తకాలు చెబుతాయి. ఆ నూలు వడికిన కార్మికుడి ఒంటిమీద కూడా ఒక గాయం ఉండేదని వైద్యచరిత్ర చెబుతుంది.

సిరిసిల్లలో జరిగేది నేత, వడకడం కాదు. యంత్రమూ వేరు, నూనె తాకే తీరూ వేరు. కాబట్టి ల్యాంకషైర్ ఫలితాన్ని నేరుగా ఇక్కడికి అన్వయించకూడదు. గ్రహించవలసినది పద్ధతి. రోగిని ‘నీవు ఏం పని చేస్తావు, ఏ నూనె తాకుతుంది, ఆ బట్టలతోనే ఎంతసేపు ఉంటావు’ అని అడగడమే వృత్తి క్యాన్సర్ల పరిశోధనకు మూలం.

కట్టుబట్టకూ చర్మ క్యాన్సర్‌కూ ఉన్న సంబంధాన్ని భారతీయ వైద్యులే వెలికితీశారు. 1941లో ప్రారంభమైన బొంబాయి టాటా మెమోరియల్ ఆసుపత్రికి చెందిన వసంత్ రాంజీ ఖానోల్కర్, సూర్యాబాయితో కలిసి 1945లో ప్రచురించిన వ్యాసంలో ‘ధోతీ క్యాన్సర్’ను వర్ణించారు. నడుము చుట్టూ ఒకేచోట బిగించి కట్టిన పంచె ఒరుసుకుని చర్మం మందమై, రంగు మారి, పొలుసులు లేచి, చివరకు పుండుపడుతుంది. చీర, లంగా బొందు బిగించే స్త్రీలలోనూ ఇటువంటి వ్యాధిని తరువాతి వైద్యులు గుర్తించారు. కశ్మీరులో పొట్టకు ఆనించుకునే నిప్పుకుంపటి వల్ల వచ్చే ‘కాంగ్డీ క్యాన్సర్’, కోస్తా ఆంధ్రలో అడ్డపొగ వల్ల అంగిట్లో వచ్చే క్యాన్సర్ కూడా ఇలా అలవాట్ల నుంచి పుట్టినవే. నడుము దగ్గరి క్యాన్సర్ గుప్తాంగ క్యాన్సర్ కాదు. కాని ఏళ్ల తరబడి మానని ఒరిపిడిపుండును తేలిగ్గా తీసుకోరాదన్న పాఠం రెండింటికీ ఒకటే.

5. పేర్లు పెట్టిన కాలం: 1874–1925

1874లో లండన్ శస్త్రవైద్యుడు జేమ్స్ పేజెట్, చనుమొన మీద తామర వంటి ఎర్రటి మచ్చతో వచ్చిన సుమారు 15 మంది స్త్రీలను వర్ణించాడు. మామూలు తామర మందులకు ఆ మచ్చ లొంగలేదు. రెండేళ్లలోపే వారందరికీ రొమ్ములో క్యాన్సర్ బయటపడింది. 1889లో రాడ్‌క్లిఫ్ క్రాకర్ అదే వ్యాధిని వృషణకోశం, పురుషాంగం మీద గుర్తించాడు. 1893లో డారియర్, కూయో మలద్వారం చుట్టూ, 1901లో దుబ్రెయి స్త్రీ బాహ్య జననాంగం మీద గుర్తించారు. ఈ చర్మంలో కనిపించే పెద్ద, పాలిపోయిన కణాలను డారియర్ మొదట పరాన్నజీవులుగా భావించాడు. అవి క్యాన్సర్ కణాలేనని వైద్యలోకం అంగీకరించడానికి మరికొంత కాలం పట్టింది.

1911లో పారిస్‌కు చెందిన కేరా, పురుషాంగపు మొన మీద నునుపుగా, ఎర్రని ముఖమల్ గుడ్డలా కనిపించే మచ్చను ‘ఎరిత్రోప్లేజియా’ అన్నాడు. మరుసటి ఏడాది బోస్టన్‌లో జాన్ బోవెన్, చర్మపు పైపొరకే పరిమితమై ఏళ్ల తరబడి నెమ్మదిగా పెరిగే క్యాన్సర్ పూర్వదశను వర్ణించాడు. 1925లో బుష్కే, లోవెన్‌స్టైన్ కాలీఫ్లవర్ మాదిరిగా పెరిగే పెద్ద పులిపిరిని ప్రత్యేక వ్యాధిగా పేర్కొన్నారు. అర్ధశతాబ్దంలో వెలువడిన ఈ రచనలన్నీ చేసింది ఒకే పని. తామర, సవాయి, పులిపిరి, మొలలు అనే పాత పేర్ల కిందినుంచి క్యాన్సర్‌ను విడదీసి చూపించాయి.

6. నిర్ధారణ పద్ధతులు

కంటిచూపుతో ఈ వ్యాధులను నిర్ధారించడం నిపుణుడికి కూడా కష్టమే. అందుకే ‘ముక్క పరీక్ష’ అని ప్రజలు పిలిచే బయాప్సీ తప్పనిసరి. మత్తుసూది ఇచ్చి, పుండు అంచు నుంచి చిన్న ముక్క తీస్తారు. పుండు నడుమ కుళ్లిన కణజాలమే దొరికే అవకాశం ఉన్నందువల్ల అంచుకు ప్రాధాన్యం. ముక్క తీస్తే జబ్బు రేగుతుందన్న భయం ఉత్తర తెలంగాణలోనే కాదు, తెలుగునాట అంతటా వినిపిస్తుంది. తీసిన ముక్కలో అప్పటికే ఉన్న జబ్బు బయటపడుతుంది. ముక్క తీయడం వల్ల కొత్తగా జబ్బు పుట్టదు.

సూక్ష్మదర్శిని కింద కూడా పేజెట్, బోవెన్, మెలనోమా వ్యాధులు ఒకదానిలా మరొకటి కనిపించవచ్చు. పేజెట్ కణాల్లో జిగురుపదార్థం ఉంటుంది కాబట్టి ప్రత్యేక రంగులతో దానిని గుర్తించడం పాత పద్ధతి. ఇరవయ్యో శతాబ్దపు చివరి దశాబ్దాల్లో ప్రతిరక్షకాల సాయంతో కణంలోని ప్రొటీన్లను గుర్తించే పరీక్షలు వాడుకలోకి వచ్చాయి. ‘సీకే7’ అనే ప్రొటీన్ పేజెట్ కణాలను, ‘ఎస్100’, ‘హెచ్ఎంబీ45’ మెలనోమా కణాలను పట్టిస్తాయి. ‘సీకే20’ కూడా కనిపిస్తే పురీషనాళంలోనో మూత్రాశయంలోనో దాగిన క్యాన్సర్ చర్మానికి పాకిందేమోనని వెతకాలి. చర్మం మీద కనిపించిన దురదమచ్చ లోపలి అవయవపు జబ్బుకు తొలి ఆనవాలు కావచ్చునన్న జ్ఞానం ఇలా స్థిరపడింది.

కారణాల అన్వేషణలో 1983 ముఖ్యమైన సంవత్సరం. జర్మనీకి చెందిన హరాల్డ్ త్సుర్ హౌజెన్ బృందం గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌లో మానవ పాపిలోమా వైరస్‌లోని 16వ రకాన్ని గుర్తించింది. ఈ కృషికి ఆయనకు 2008లో నోబెల్ బహుమతి లభించింది. ఈ వైరస్ మలద్వార క్యాన్సర్లలో అధికభాగానికీ, జననాంగ చర్మ క్యాన్సర్లలో కొంతభాగానికీ కారణమని తరువాతి పరిశోధనలు తేల్చాయి. ముందరి చర్మం వెనక్కి రాకపోవడం, లైకెన్ స్క్లెరోసస్ అనే తెల్లమచ్చల వ్యాధి, పొగతాగడం, హెచ్ఐవీ వల్ల రోగనిరోధక శక్తి తగ్గడం ఇతర కారణాలు. బొల్లి మచ్చలో రంగు మాత్రమే పోతుంది. లైకెన్ స్క్లెరోసస్‌లో చర్మం తెల్లబడి, పలచబడి, ముడుచుకుని, విపరీతంగా దురద పెడుతుంది. ఈ తేడా తెలిస్తే స్త్రీలలో కొన్ని క్యాన్సర్లను ముందే అడ్డుకోవచ్చు.

7. చికిత్సలో మార్పులు

తొలినాళ్ల చికిత్స కత్తితోనే. పాట్ కూడా పుండుపడ్డ భాగాన్ని వీలైనంత త్వరగా కోసివేయాలన్నాడు. 1908లో ఎర్నెస్ట్ మైల్స్ పురీషనాళ క్యాన్సర్‌కు రూపొందించిన పెద్ద శస్త్రచికిత్సను మలద్వార క్యాన్సర్‌కు కూడా చాలాకాలం అనుసరించారు. ప్రాణం నిలిచినా, రోగి జీవితాంతం పొట్టమీద తగిలించుకున్న సంచితో బతకవలసి వచ్చేది. 1974లో అమెరికాలోని డెట్రాయిట్‌కు చెందిన నార్మన్ నిగ్రో, ముగ్గురు రోగులకు మందులూ కిరణచికిత్సా కలిపి ఇచ్చి, గడ్డ పూర్తిగా కరిగిపోయిందని ప్రకటించాడు. మలద్వార నాళపు పొలుసుకణ క్యాన్సర్‌కు క్రమంగా ఇదే ప్రధాన చికిత్స అయింది.

1977లో పరాగ్వేకు చెందిన కబానాస్, పురుషాంగ క్యాన్సర్ మొదట చేరే గ్రంథిని గుర్తించి దానిని మాత్రమే పరీక్షించే విధానాన్ని ప్రతిపాదించాడు. అందరికీ రెండు గజ్జల్లోని బిళ్లలన్నీ తీసివేసి, జీవితాంతం కాళ్లవాపుతో బాధపడేలా చేయనక్కరలేదన్న ఆలోచన ఇక్కడి నుంచే బలపడింది. స్త్రీలలోనూ పూర్తి భాగాన్ని తొలగించే పద్ధతి పోయి, అవసరమైన మేరకే కోసే పద్ధతి వచ్చింది. 1930లలో ఫ్రెడరిక్ మోస్ ప్రారంభించిన విధానంలో పొరపొరగా తీసి, ప్రతి పొర అంచునూ సూక్ష్మదర్శినిలో చూసి, జబ్బు లేని చోట ఆపుతారు. కంటికి కనిపించే హద్దు దాటి వ్యాపించే పేజెట్ వ్యాధికి ఇది అనువైనది. పైపొరకే పరిమితమైన వ్యాధికి ఎంపికచేసిన రోగుల్లో ఇమిక్విమోడ్ వంటి పూతమందులు కూడా వాడుతున్నారు.

ఒక వాక్యంలో చెప్పాలంటే, ఈ చికిత్సా చరిత్ర ఎక్కువ కోయడం నుంచి తక్కువ కోయడం వైపు నడిచింది. అయితే ఆ ప్రయోజనం తొందరగా వచ్చిన రోగికే దక్కుతుంది. ఆలస్యంగా వచ్చిన రోగికి నేటికీ పాతకాలపు పెద్ద ఆపరేషనే మిగులుతుంది.

8. హైదరాబాదు రాష్ట్రంలో వైద్యసంస్థలు

1888, 1889 సంవత్సరాల్లో నిజాం ప్రభుత్వ సహాయంతో ఎడ్వర్డ్ లారీ నిర్వహించిన క్లోరోఫారం పరిశోధనలతో హైదరాబాదు శస్త్రవైద్య చరిత్రలో స్థానం సంపాదించింది. 1918లో ఏర్పడిన ఉస్మానియా విశ్వవిద్యాలయం వైద్యవిద్యను కూడా ఉర్దూలో బోధించింది. దేశభాషలో ఆధునిక వైద్యాన్ని బోధించడం గొప్ప ప్రయోగమే. అయితే జగిత్యాల, సిరిసిల్ల తాలూకాల రైతు, నేతకార్మికుడు మాట్లాడేది తెలుగు. వారి ‘పుండు’, ‘బిళ్ల’ వైద్యుడి దగ్గర ఉర్దూలోకీ, తరువాతి కాలంలో ఇంగ్లీషులోకీ మారవలసి వచ్చింది. సిగ్గువల్ల సగం చెప్పిన మాట అనువాదంలో మరికొంత తగ్గుతుంది.

ఉత్తర తెలంగాణలో చర్మవ్యాధుల చికిత్సకు పేరుపొందిన తొలి సంస్థల్లో డిచ్‌పల్లి విక్టోరియా కుష్ఠు ఆసుపత్రి ముఖ్యమైనది. 1915లో ఇసబెల్ కెర్, జార్జ్ కెర్ దంపతులు దీనిని నెలకొల్పారు. నిజామాబాదు, ఆర్మూరు, మెట్‌పల్లి, కోరుట్ల, జగిత్యాలలను కలిపే దారి నేటికీ రోగులు నడిచే దారే. చర్మం మీది మచ్చను చూసి భయపడి దాచుకోవడం, దాచుకున్నందువల్ల అవయవం పోగొట్టుకోవడం అనే విషాదం కుష్ఠు చరిత్రలో స్పష్టంగా కనిపిస్తుంది. కుష్ఠు మచ్చను తొందరగా చూపించుకోవాలని దశాబ్దాల ప్రచారం ప్రజలకు నేర్పింది. గుప్తాంగాల మచ్చ విషయంలో అటువంటి ప్రచారం జరగలేదు.

1955లో హైదరాబాదులో మెహదీ నవాజ్ జంగ్ పేరుమీద క్యాన్సర్ ఆసుపత్రి ఏర్పడింది. రెడ్‌హిల్స్‌లోని ఈ ప్రభుత్వ సంస్థ తెలంగాణ జిల్లాల పేదరోగులకు దశాబ్దాలుగా ప్రధాన ఆధారం. కిరణచికిత్సను ప్రజలు ‘కరెంటు పెట్టడం’ అంటారు. 2000లో బసవతారకం ఇండో–అమెరికన్ క్యాన్సర్ ఆసుపత్రి ప్రారంభమైంది. 2007లో ఆరోగ్యశ్రీ పథకం రావడంతో శస్త్రచికిత్స, మందులు, కిరణచికిత్సల ఖర్చుభారం పేద కుటుంబాలకు కొంత తగ్గింది. జగిత్యాలలో 2022లో, సిరిసిల్లలో 2023లో ప్రభుత్వ వైద్యకళాశాలలు మొదలయ్యాయి. చర్మవైద్య విభాగమూ, ముక్కను పరీక్షించే పాథాలజీ విభాగమూ జిల్లాకేంద్రానికి రావడం ఈ వ్యాధుల చరిత్రలో ఒక మలుపు కాగలదు.

9. రోగి నడిచే దారి

ఈ మూడు పట్టణాల్లో గుప్తాంగంలో మచ్చో పుండో కనిపించిన వ్యక్తి మొదట వెళ్లేది నిపుణుడి దగ్గరకు కాదు. దురదకు మందుల దుకాణంలో దొరికే పూతమందు మొదటి మజిలీ. వాటిలో చాలావరకు స్టెరాయిడ్, శిలీంధ్రనాశకం, యాంటీబయాటిక్ కలిపిన మిశ్రమాలు. స్టెరాయిడ్ వల్ల దురద తగ్గుతుంది, ఎరుపు మాసిపోతుంది, జబ్బు మాత్రం లోపల ఉండిపోతుంది. భారతీయ చర్మవైద్యుల సంఘం ఈ దుర్వినియోగం మీద ప్రత్యేక కార్యదళాన్ని ఏర్పాటు చేసింది. 2018లో కేంద్రప్రభుత్వం పలు స్టెరాయిడ్ పూతమందులను వైద్యుని చీటీ లేకుండా అమ్మరాని జాబితాలో చేర్చింది. రెండో మజిలీ ఊళ్లోని ఆర్ఎంపీ. మూడోది, మలద్వారం దగ్గరి బాధ అయితే, ‘ఆపరేషన్ లేకుండా మొలలు, లూటి నయం’ అని బోర్డు కట్టిన క్లినిక్. అక్కడ ఘాటైన మందుతో గడ్డను కాల్చితే, పరీక్షకు పంపవలసిన కణజాలమే మాయమవుతుంది. లండన్‌లో పాదరసం చేసిన పనిని ఇక్కడ ఈ మజిలీలు చేస్తున్నాయి.

వృత్తి, వలస కూడా ఆలస్యానికి దోహదం చేస్తాయి. బీడీలు చుట్టే స్త్రీకి రోజుకూలీ చుట్టిన బీడీల లెక్కన వస్తుంది. దవాఖానకు వెళ్లిన రోజు కూలి పోయినట్టే. గల్ఫ్‌కు వెళ్లిన పురుషుడు ఒంట్లో బాగాలేదని బయటపెడితే పని పోతుందని భయపడి, సెలవు మీద ఇంటికి వచ్చేదాకా దాచుకుంటాడు. ఇంటికి వచ్చాక భార్యకు చెప్పడానికి సంకోచిస్తాడు. సుఖవ్యాధి అనుకుంటారేమోనన్న అనుమానం జబ్బు కంటే పెద్దదవుతుంది. సవాయి అనే ఒక్క మాట బరువు ఇక్కడ తెలుస్తుంది.

10. మౌనం, మాట

తెలుగులో ఈ అవయవాల గురించి బహిరంగంగా మాట్లాడిన ప్రయత్నాలు లేకపోలేదు. విజయవాడకు చెందిన డా. జి. సమరం పత్రికా శీర్షికల ద్వారా, పుస్తకాల ద్వారా లైంగికారోగ్యాన్ని సాధారణ పాఠకుల ముందుకు తెచ్చారు. ఎయిడ్స్ నివారణ కోసం సాగిన ‘పులిరాజా’ ప్రచారం గోడల మీద, బస్సుల మీద, ఇంటింటి సంభాషణలో చోటు సంపాదించింది. అయితే ఈ రెండింటిలోనూ గుప్తాంగం లైంగికతకు, అంటువ్యాధికి సంబంధించిన అవయవంగానే కనిపించింది. అక్కడ కూడా చర్మం ఉన్నదనీ, ఆ చర్మానికి లైంగికతతో సంబంధం లేని జబ్బులు కూడా వస్తాయనీ చెప్పవలసిన అవసరం మిగిలిపోయింది.

మాట లేకుండా జరిగిన ప్రయత్నం ఎలా బెడిసికొడుతుందో ఖమ్మం అనుభవం చూపింది. 2009లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని ఖమ్మం జిల్లాలో పాఠశాల వయసు బాలికలకు పాపిలోమా వైరస్ టీకా ఇచ్చే ప్రయోగాత్మక కార్యక్రమం మొదలైంది. కొందరు బాలికలు మరణించడంతో ఆందోళన చెలరేగి 2010 ఏప్రిల్‌లో కార్యక్రమాన్ని నిలిపివేశారు. ఆ మరణాలకు టీకాతో సంబంధం ఉన్నట్టు విచారణలో తేలలేదు. కాని అనేక చోట్ల తల్లిదండ్రులకు బదులు ప్రధానోపాధ్యాయులు, వసతిగృహాల వార్డెన్లు అంగీకారపత్రాలపై సంతకాలు చేశారని బయటపడింది. 2013లో పార్లమెంటరీ స్థాయీ సంఘం ఈ తీరును తీవ్రంగా తప్పుపట్టింది. టీకా మంచిదైనా, దేనికి వేస్తున్నారో తల్లికి ఆమె భాషలో చెప్పకపోవడం వల్ల నమ్మకం దెబ్బతిన్నది. గర్భాశయ ముఖద్వారంతోపాటు గుప్తాంగ చర్మానికీ రక్షణ ఇవ్వగల టీకా ప్రజల్లో చర్చకు రావలసిన రీతిలో రాకుండా పోయింది.

11. ముగింపు

సుశ్రుతుడి పద్దెనిమిది శూకదోషాల నుంచి నేటి ప్రొటీన్ పరీక్షల వరకు గుప్తాంగ చర్మ క్యాన్సర్ల చరిత్ర వేరుచేసి చూడటం నేర్చుకున్న చరిత్ర. పాట్ సవాయి నుంచి మసిపుండును, పేజెట్ తామర నుంచి క్యాన్సర్‌ను విడదీశారు. ఖానోల్కర్, సూర్యాబాయి కట్టుబట్ట ఒరిపిడిలో వ్యాధిమూలాన్ని పట్టుకున్నారు. వైద్యశాస్త్రం ఆ పని చేసి శతాబ్దం దాటినా, వ్యవహారభాషలో ఆ విభజన ఇంకా జరగలేదు. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్లల్లో వైద్యకళాశాలలు, పథకాలు వచ్చినంత మాత్రాన రోగి తొందరగా రాడు. తన బాధను చెప్పుకునే మాట ఉన్నప్పుడే వస్తాడు.

ఈ దృష్టితో తెలుగు పరిభాషా నిర్మాణంలో మూడు పనులు అవసరమనిపిస్తుంది. స్త్రీ బాహ్య జననాంగానికి, లోపలి మార్గానికి, గర్భాశయ ముఖద్వారానికి వేర్వేరు మర్యాదవాచకాలను స్థిరపరచి పాఠ్యపుస్తకాల్లోనూ ఆరోగ్య ప్రచారంలోనూ ఒకే తీరుగా వాడాలి. ముక్క పరీక్ష, బిళ్ల కట్టడం, కరెంటు పెట్టడం వంటి ప్రజల మాటలను తోసిపుచ్చకుండా రోగులకిచ్చే పత్రాల్లో వినియోగించాలి. నెల రోజుల మందుకు తగ్గని దురదమచ్చ, మానని పుండు, పెరిగే పులిపిరి, రంగు మారిన పుట్టుమచ్చ, రక్తం కారే ‘మొల’ – ఈ ఐదింటిని చర్మవైద్యునికో శస్త్రవైద్యునికో చూపించాలన్న సందేశాన్ని ఆశా కార్యకర్తల ద్వారా, బీడీ కార్ఖానాల ద్వారా, మరమగ్గాల షెడ్ల ద్వారా చేరవేయాలి. ఇవి వైద్యుడు ఒక్కడే చేయగల పనులు కావు. తెలుగు అధ్యాపకులకూ, పరిశోధకులకూ ఇందులో బాధ్యత ఉన్నది. పుట్టకురుపు అని పేరుపెట్టిన భాషకు, దాన్ని తొందరగా గుర్తించే మాటలు పుట్టించుకోగల శక్తి కూడా ఉన్నది.